లీనియర్ ప్రోగ్రామింగ్ చెప్పేముందు పిల్లలకి ఒక ఉద్యోగం ఇవ్వండి

లీనియర్ ప్రోగ్రామింగ్ అంటే ఉన్న పరిమితుల్లోనే ఎక్కువ లాభం లేదా తక్కువ ఖర్చు వచ్చే దారి వెతికే లెక్క. అది ప్లస్ టూలో చెప్పే సార్లకి, మేడమ్‌లకి ఒక చిట్కా. పుస్తకాల్లో ఉండే కుర్చీలు, బల్లల లెక్క పక్కన పెట్టి, "చిత్తూరులో మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి నువ్వే ప్రొడక్షన్ మేనేజర్‌వి" అని మొదలుపెట్టండి. తోతాపురి సీజన్ ఎలా ఉంటుందో వాళ్లకి మనం చెప్పక్కర్లేదు, ఇంటి ముందే ట్రాక్టర్లు పోతుంటాయి.

అంకెలు మాత్రం చేతితో గీయగలిగేంత చిన్నవి కల్పించుకోండి. పల్ప్ డ్రమ్ముకి మిషన్ 1 గంట, కూలీల పని 3 గంటలు. జ్యూస్ బ్యాచ్‌కి రెండూ 2 గంటల చొప్పున. వారానికి ఉన్నవి మిషన్ గంటలు 40, పని గంటలు 60. లాభం డ్రమ్ముకి 400, బ్యాచ్‌కి 300 రూపాయలు. ఈ గంటల షరతుల్ని గ్రాఫ్ మీద గీతలుగా గీస్తే, అవి కలిసే మూల, అంటే 10 డ్రమ్ములు, 15 బ్యాచ్‌ల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ లాభం, 8,500 వస్తుంది.

అసలు మజా ఇక్కడే. పల్ప్ లాభం 500 అయిందని చెప్పండి. షరతులు మారవు, గీతలు కదలవు, అయినా జవాబు 20 డ్రమ్ములు, సున్నా జ్యూస్ మూలకి దూకుతుంది, లాభం 10,000. "మరి జ్యూస్ కొనేవాళ్లకి ఏం చెప్తావ్?" అని అడగండి, క్లాసులో గోల మొదలవుతుంది. "కనీసం 5 బ్యాచ్‌లు ఇవ్వాలి" అన్న కొత్త షరతు వాళ్లే తెస్తారు.

బయాలజీ వైపు మొగ్గేవాళ్లుంటే పాడి ఆవు దాణా లెక్క ఇవ్వండి: తక్కువ ఖర్చు, సరిపడా ప్రొటీన్. ఇలాంటి లెక్కలు చేసే సింప్లెక్స్ పద్ధతిని 1947లో కనిపెట్టిన డాంట్జిగ్ అప్పట్లో అమెరికా వైమానిక దళానికి పనిచేసేవాడని ఒక ముక్క చెప్తే చాలు.