సగటు వేగం కట్టేటప్పుడు ముందుగా కాలాన్ని కూడండి

వేగం, దూరం, కాలం సూత్రం అందరికీ కంఠతా వచ్చినా, సగటు వేగం అడిగేసరికి చాలామంది రెండు వేగాలను కూడి సగం చేసి తప్పులో కాలేస్తారు. వెళ్లేటప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతోనూ, అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు 40 కిలోమీటర్ల వేగంతోనూ ప్రయాణిస్తే సగటు 50 కాదు, 48. లెక్కలో దూరం ఇవ్వలేదని కంగారు పడకుండా, 60కీ 40కీ కసాగు (రెండిటితోనూ శేషం లేకుండా భాగించగల అతి చిన్న సంఖ్య) అయిన 120 కిలోమీటర్లను ఒకవైపు దూరంగా తీసుకోండి. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు పడతాయి కనుక, మొత్తం 240 కిలోమీటర్లను 5 గంటలతో భాగిస్తే 48 వస్తుంది. తక్కువ వేగంతో ఎక్కువ సేపు ప్రయాణించడం వల్లనే సగటు అటువైపు మొగ్గుతుంది. రెండు వేగాలతోనూ సమానమైన కాలం ప్రయాణిస్తే మాత్రం 50 సరైన జవాబే.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది మరొకటి ఉంది. 60 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 30 చొప్పున వెళ్లినవారు, తిరుగు ప్రయాణంలో ఎంత వేగంగా వచ్చినా మొత్తం సగటును 60కి చేర్చలేరు, ఎందుకంటే ఆ సగటుతో 120 కిలోమీటర్లకు పట్టవలసిన 2 గంటలూ వెళ్లడానికే ఖర్చయిపోయాయి.

గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడానికి 5తో గుణించి 18తో భాగిస్తే చాలు. 72 అలా 20 అవుతుంది. 1 గంట 20 నిమిషాలను మాత్రం 1.20 గంటలుగా రాయకండి, అది 4/3 గంటలు.