మన పేట బడిలో పిల్లలెందరు, పాఠం చెప్పేవాళ్లెందరు? లెక్క ఇలా చూడండి

శ్రీకాకుళంలో మా పాపను ఆరో తరగతిలో చేర్చే ముందు నేను చూసుకున్నది ఒక్క లెక్కే. 92 మంది పిల్లలు, నలుగురు టీచర్లు. భాగిస్తే 23. ఇంకేం కావాలి అనుకున్నాను. దసరా సెలవులొచ్చినా లెక్కల నోటుబుక్కు తెల్లగానే ఉంది. పాపను అడిగితే "లెక్కల మాస్టారు మా బళ్లో ఉండరు నాన్నా, డిప్యుటేషన్‌ట" అంది. అంటే పేరు ఇక్కడ, పని వేరేచోట. నాలాగా మోసపోకుండా ఇలా చేయండి.

ముందు బడికి ఉండే 11 అంకెల యూడైస్ కోడ్ (బడి గుర్తింపు నంబరు) కనుక్కోండి. మన ఆంధ్రప్రదేశ్‌లో అది 28తో మొదలవుతుంది. యూడైస్ ప్లస్ సైటులో ఆ కోడ్ కొడితే బడి రిపోర్ట్ కార్డు వస్తుంది. తరగతివారీగా అబ్బాయిలు, అమ్మాయిలు, టీచర్ల సంఖ్య అందులో ఉంటాయి. అయితే అవి సాధారణంగా సెప్టెంబరు 30 నాటి లెక్కలు. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగిరాని పిల్లలు, పనికోసం చెన్నైకో హైదరాబాద్‌కో వలసపోయిన కుటుంబాల పిల్లలు అందులో ఉన్నట్టే కనిపిస్తారు.

తర్వాత ప్రైమరీని విడదీయండి. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఉన్న బడి అయితే అందరినీ కలిపి భాగించకూడదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు 35 మందికి ఒక టీచరు ఉండాలి, తరగతికి కనీసం ఒకరైనా ఉండాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది: లెక్కలు-సైన్సు, సాంఘికం, భాషలు, ఈ మూడింటికీ కనీసం ఒక్కొక్కరు తప్పనిసరి. మా బడిలో 23 సరిపోయింది, లెక్కలకే మనిషి లేడు. పిల్లలు 100 దాటితేనే పూర్తికాలపు హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడు) ఉండాలని చట్టం. చిన్న బడిలో హెచ్ఎమ్మే పాఠాలూ చెప్పాలి, మీటింగులకూ వెళ్లాలి. ఆయన్ని పూర్తి టీచరుగా లెక్కేయకండి.

అబ్బాయిలు, అమ్మాయిల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మాయిలు ఎక్కువుంటే వెంటనే మురిసిపోనక్కర్లేదు. మా వీధిలో కొడుకు ప్రైవేటుకి, కూతురు మున్సిపల్ బడికి వెళ్లే ఇళ్లు మూడున్నాయి. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు ఉన్నారేమో కూడా అడగండి, వాళ్లకు తెలుగు పాఠం అందడానికి టైం పడుతుంది.

చివరగా సాయంత్రం బడి వదిలాక వెళ్లి మర్యాదగా అడగండి: "మాస్టారూ, మంజూరైన పోస్టులెన్ని? ఇవాళ బడికి వచ్చిన టీచర్లెందరు?" ఈ రెండు అంకెల మధ్య తేడానే మీకు కావాల్సింది. ఖాళీ ఉంటే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఆ మాట ఎత్తండి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. తీర్మానం రాయించి ఎంఈఓకి (మండల విద్యాధికారికి) పంపండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో ఇవ్వాలి.

మా బడికి వారానికి మూడు రోజులు ఒక లెక్కల టీచరుని సర్దారు. మిగతా మూడు రోజులకు ఇంకో కాగితం పెట్టాం.