ఉబుంటులో ఎన్విడియా డ్రైవర్ మార్చే ముందు

స్క్రీన్ బాగానే ఉంది, సస్పెండ్ నుంచి సరిగ్గా లేస్తోంది, మీ పని నడుస్తోంది అంటే ఎన్విడియా డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) జోలికి పోకండి. సెక్యూరిటీ ప్యాచ్ ఉంటేనో, మీరు వాడే సాఫ్ట్‌వేర్ కొత్తది అడిగితేనో మారిస్తే చాలు. ఎందుకంటే డ్రైవర్ నడిచేది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లోపల. అక్కడ తేడా వస్తే సిస్టమ్ మొత్తం కూలబడుతుంది. 2024 జులై 19న సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ కెర్నల్ డ్రైవర్ చదివే ఫైలు ఒకటి తప్పుగా రావడంతో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు అదే.

మార్చక తప్పదనుకుంటే, కెర్నల్‌నీ డ్రైవర్‌నీ ఒకే రోజు మార్చకండి. "ఏదైనా అయితే బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే సరి" అని చాలామంది ధీమాగా ఉంటారు. గొడవ కొత్త కెర్నల్‌తో అయితే ఆ దారి పనికొస్తుంది. కానీ కొత్త డ్రైవర్‌ని డీకేఎమ్‌ఎస్ (కెర్నల్‌కి తగ్గట్టు డ్రైవర్‌ని తయారుచేసే టూల్) పాత కెర్నల్‌కి కూడా కట్టి పెట్టి ఉండొచ్చు. అప్పుడు వెనక్కి వెళ్లినా అదే నల్ల తెర. ముందు కెర్నల్ మార్చి రెండు మూడు రోజులు వాడండి. తర్వాత డ్రైవర్. ఈలోగా ఆటోరిమూవ్ కమాండ్ కొట్టకండి, అది పాత కెర్నల్‌ని తీసేయొచ్చు.

మొదలుపెట్టే ముందు ఛార్జర్ పెట్టండి. టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ టూల్‌తో సిస్టమ్ స్నాప్‌షాట్ తీసుకోండి, అయితే అది మామూలుగా హోమ్ ఫోల్డర్‌ని పట్టించుకోదు, మీ ఫైళ్లు వేరే డిస్క్‌లోకి విడిగా కాపీ చేసుకోవాల్సిందే. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లు బూట్ పార్టిషన్‌లో ఖాళీ ఉందో లేదో చూడాలి, అది నిండితే అప్‌డేట్ సగంలో ఆగుతుంది. ఎన్విడియా సైట్ నుంచి రన్ ఫైలు (ఇన్‌స్టాలర్) దించుకోవడం నాకైతే అస్సలు నచ్చదు. ఉబుంటు ప్యాకేజీలతో అది కలవదు. అడిషనల్ డ్రైవర్స్ విండో చాలు. అందులో పేరు చివర 'ఓపెన్' అని ఉన్నవి ట్యూరింగ్ తరం (జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్), ఆ తర్వాతి కార్డులకే. జీటీఎక్స్ 10 సిరీస్ ఉన్నవాళ్లు వాటిని ముట్టుకోవద్దు.

ఎక్కువమంది బోల్తాపడేది సెక్యూర్ బూట్ (నమ్మకమైన డిజిటల్ సంతకం లేని డ్రైవర్లని ఎక్కనివ్వని రక్షణ) దగ్గర. డీకేఎమ్‌ఎస్ ప్యాకేజీ అయితే ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. రీబూట్ చేయగానే నీలం తెర వస్తుంది, ఏదైనా కీ నొక్కమని పది సెకన్లు లెక్కపెడుతుంది. వైరస్సేమో అని కంగారుపడి వదిలేస్తే సిస్టమ్ మామూలుగానే లేస్తుంది, డ్రైవర్ మాత్రం ఎక్కదు. రెండో మానిటర్ కనపడదు, ఎందుకో అర్థం కాదు. కాబట్టి కీ నొక్కి, 'ఎన్‌రోల్ మోక్', 'కంటిన్యూ', 'యెస్', ఆ తర్వాత పాస్‌వర్డ్. టైప్ చేస్తుంటే అక్షరాలు కనపడవు, టెన్షన్ పడకండి. అక్కడ కీబోర్డు అమెరికన్ లేఅవుట్‌లో ఉంటుంది కాబట్టి చిన్న అక్షరాలు, అంకెలే పెట్టుకోవడం మేలు.

డీకేఎమ్‌ఎస్ ప్యాకేజీ అయితే, రీబూట్ నొక్కే ముందు టెర్మినల్‌లో డీకేఎమ్‌ఎస్ స్టేటస్ చూడండి. మీ కెర్నల్ వెర్షన్ పక్కన 'ఇన్‌స్టాల్డ్' అని లేకపోతే ఆగండి. చాలాసార్లు ఆ కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ (డ్రైవర్ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు) లేకపోవడమే కారణం. ఇక రీబూట్ చేయకుండానే కార్డు స్థితి చూపే ఎన్విడియా ఎస్ఎమ్ఐ కమాండ్ నడిపితే 'వెర్షన్ మిస్‌మ్యాచ్' అంటుంది. మెమరీలో పాత డ్రైవర్ మాడ్యూల్, డిస్క్‌లో కొత్త లైబ్రరీ ఉన్నాయి మరి. రీబూట్‌తో అది పోతుంది, దానికి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

నల్ల తెర వచ్చిందే అనుకోండి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే తరచూ టెక్స్ట్ లాగిన్ దొరుకుతుంది. అక్కడి నుంచి ఎన్విడియా ప్యాకేజీలు పర్జ్ చేసి (పూర్తిగా తీసేసి) రీబూట్ చేస్తే ఉబుంటుతోనే వచ్చే నూవో డ్రైవర్‌తో డెస్క్‌టాప్ తిరిగొస్తుంది. ఆ కమాండ్ వెతకడానికి ఫోన్ పక్కన ఉంచుకోండి. వైఫై పోతే అదే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ కూడా వస్తుంది.