కార్టూన్ గీద్దాం రండి – 7వ పాఠం: సగం రొట్టె

ముందుగా తప్పు ఒప్పుకుంటున్నా. పోయిన పాఠం చివర "చూసినవాళ్ళకి చప్పున అర్థమయ్యేలా గీయండి" అని రాశాను. ఆ ఒక్క వాక్యం కొంప ముంచింది. వేసవిలో నీళ్ళ కష్టం మీద గీసి పంపమంటే 34 బొమ్మలు వచ్చాయి. వాటిలో 26 బొమ్మల్లో కనపడ్డ ప్రతిదానికీ పేరు రాసి ఉంది. ట్యాంకరు మీద "నీళ్ళ ట్యాంకరు". బిందె మీద "ఖాళీ బిందె". ఆడవాళ్ళ పక్కన బాణం గుర్తేసి "ప్రజలు". పైన సూర్యుడు, ఆయన బొజ్జ మీద "ఎండ". ఇవన్నీ చాలవన్నట్టు అడుగున మళ్ళీ పెద్దక్షరాలతో "నీళ్ళ కోసం ప్రజల అవస్థలు!!!"

మా ఆవిడ భుజం మీదుగా తొంగి చూసి, "పటము గీసి భాగములు గుర్తించుము, ఐదు మార్కులు" అని వంటింట్లోకి పోయింది.

ఈసారి గుంపుని గీయడం చెప్తానన్నాను. అది వచ్చేసారికి. ఈ గొడవ తేలకుండా ముందుకు పోతే మీరు గుంపులో ప్రతి మనిషి నెత్తినా పేరు రాసేట్టున్నారు.

నేను ముప్ఫై ఏళ్ళు కావలిలో బోర్డులు రాసి బతికినవాణ్ణి. అక్షరాలంటే నాకు చిన్నచూపేం లేదు, అన్నం పెట్టింది అవే. కానీ బోర్డు రాసేవాడికి ఒకటి తెలుస్తుంది, అక్షరం ఎక్కడ ఉంటుందో, ఎక్కడ ఉండదో. టీ కొట్టు మీద "టీ స్టాల్" అని ఉంటుంది. ఆవు మీద "ఆవు" అని ఉండదు. మీరు గీసిన వీధిలోకి నిజంగా నడిచిపోతే అక్కడ ఏ అక్షరాలు కనపడతాయో అవే బొమ్మలో ఉంచండి. బస్సు మీద ఊరి పేరు ఉంచండి, గోడ మీద "ఇచ్చట మూత్రము పోయరాదు" ఉంచండి (దాని కింద మనిషిని నిలబెట్టడం మాత్రం వద్దు, ఆ జోకు మా నాయన కాలానికే ముసలిదైపోయింది). మిగతావన్నీ కొట్టేయండి.

ఒంగోలు నుంచి ఒకాయన గిత్తని గీశాడు. మంచి గీత. కొండంత మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు. ఇంతా గీసి డొక్క మీద "ఒంగోలు గిత్త" అని రాశాడు. ఆ మూపురం చూశాక ఎవరైనా మేకపోతు అనుకుంటారా సామీ? పైగా ఈ గిత్తకి లేబుల్ అసలే అచ్చిరాలేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఓడెక్కి బ్రెజిల్ పోయిన ఈ జాతిని అక్కడ "నెలోర్" అని పిలుస్తున్నారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది మరి. ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. జిల్లా మారింది గానీ బ్రెజిల్‌లో గిత్త పేరు మారలేదు. ఈ మాట ఎత్తితే ఒంగోలు వాళ్ళకి ఇప్పటికీ కడుపుమంటే. మా నెల్లూరోళ్ళం మాత్రం పైకి ఏమీ అనం.

ఇక అసలు జబ్బు. లేబుల్ పైకి కనపడే దద్దుర్లు మాత్రమే. బొమ్మ చెప్పినదాన్నే మాట మళ్ళీ చెప్పడం, నన్ను చిరాకు పెట్టేది అదీ. దీన్ని పట్టుకోవడానికి నా దగ్గర అరచేతి పరీక్ష ఉంది.

కింది మాటని అరచేత్తో మూయండి. బొమ్మ ఒక్కటే చూసినా నవ్వొచ్చిందంటే మాట అక్కర్లేదు, తీసేయండి. ఇప్పుడు బొమ్మని మూసి మాట చదవండి. మాటకే నవ్వొస్తే అది జోకు, గీయడం దండగ, ఫోన్ చేసి చెప్పుకోండి. రెండూ విడివిడిగా చూస్తే "ఏందబ్బా ఇది?" అనిపించి, కలిపి చూస్తే ఫక్కుమనిపించాలి. అప్పుడది కార్టూన్. రెండు పరీక్షల్లోనూ నవ్వు రాక, కలిపినా రాకపోతే? దాని సంగతి మూడో పాఠంలో చెప్పేశాను.

నెల్లూరు నుంచి డిగ్రీ చదివే ఒకమ్మాయి పంపిన బొమ్మతో ఇది చూపిస్తా. నీళ్ళ కష్టం గీయమంటే ఆమె రొట్టెల పండగ గీసి పంపింది. చెప్పిన పని చేయలేదు, అయినా ఆ 34లో మెరిసింది అదే. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జరిగేది మీకు తెలిసిందే. కోరిక ఉన్నవాళ్ళు రొట్టె పుచ్చుకుంటారు, తీరినవాళ్ళు మరుసటేడు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె, విదేశాల రొట్టె. ఈ అమ్మాయి ఉద్యోగ రొట్టె తీసుకుంది. మోకాటి లోతు నీళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడు అడుగుతున్నాడు:

"ఉద్యోగం వచ్చిందా అన్నా?"

రెండోవాడి చేతిలో సగం రొట్టె. వాడంటున్నాడు:

"వచ్చింది గానీ కాంట్రాక్టు ఉద్యోగం తమ్ముడూ, పర్మినెంటు కాదు, అందుకే సగం రొట్టె తెచ్చా!!"

చూశారా ఎంత దాకా వచ్చి జారిపోయిందో. సగం రొట్టె చేతిలో కనపడుతూనే ఉంది. దాన్ని నోటితో ఎందుకు చెప్పడం? కాంట్రాక్టు అంటే పర్మినెంటు కాదని తెలియని ఇల్లు మన రెండు జిల్లాల్లో ఉందా? నేను ఎర్ర పెన్ను తీసి కొట్టుకుంటూ పోయాను. "అందుకే సగం రొట్టె తెచ్చా" పోయింది. "పర్మినెంటు కాదు" పోయింది. "వచ్చింది గానీ" పోయింది. "ఉద్యోగం" ప్రశ్నలోనే ఉంది, అదీ పోయింది. ఆశ్చర్యార్థకాలు రెండూ పోయాయి. మిగిలింది ఇంతే:

"ఉద్యోగం వచ్చిందా అన్నా?"
"కాంట్రాక్టు, తమ్ముడూ."

"తమ్ముడూ" కూడా కొట్టబోయి ఆగాను. ఆ పిలుపులో కొంచెం సిగ్గుంది, ఉండనిద్దాం. ఇప్పుడు చూసేవాడి కన్ను మాట మీంచి చేతికి, చేతి మీంచి మాటకి తిరుగుతుంది. ఆ తిరగడంలోనే నవ్వు పుడుతుంది. మీరే ముందు చెప్పేస్తే ఆయన తిరగడు.

బొమ్మలో చిల్లర మరమ్మతులు కూడా చెప్తా. ఆమె రొట్టెని గుండ్రంగా, కొరికినట్టు గీసింది. అలాగైతే దారిలో ఆకలేసి తిన్నాడనుకుంటారు. అంచు తుంచినట్టు గరుగ్గా ఉండాలి. రొట్టె తెలుపు, చొక్కా తెలుపు, రెండూ కలిసిపోయాయి. చొక్కాని సిరాతో నల్లగా నింపితే రొట్టె ముందుకొస్తుంది. జవాబు చెప్పేవాడు ఎడమ పక్క, అడిగేవాడు కుడి పక్క ఉన్నారు. మనం చదివేది ఎడమ నుంచి కుడికి కదా, ప్రశ్న కంటే ముందు "కాంట్రాక్టు" చదివేస్తాం. ఇద్దరినీ అటూ ఇటూ మార్చండి. దర్గా గుమ్మటానికి వెనకాల నాలుగు గీతలు చాలు.

"దర్గాని ఎగతాళి చేసినట్టు అనుకుంటారేమో సార్, టెన్షన్‌గా ఉంది" అని ఆమె చీటీ జతచేసింది. ఆ అనుమానం రావడం మంచిదే. కానీ ఇక్కడ నవ్వు రొట్టె మీద లేదు, నమ్మి వచ్చినవాడి మీదా లేదు. వాడు పాపం సగమే అందినా మొక్కు మర్చిపోకుండా వచ్చాడు. నవ్వు ఆ సగం ఉద్యోగం ఇచ్చినవాళ్ళ మీద ఉంది, వాళ్ళు బొమ్మలో లేరు.

అదే లెక్కన ఇంకో నలుగురి బొమ్మలు తిప్పి పంపేశాను. నీళ్ళు తేలేదని మొగుణ్ణి అప్పడాల కర్రతో తరిమే పెళ్ళాం, నాలుగింటిలోనూ. ఇంట్లో నీళ్ళు మోసేది ఎవరో ఆ నలుగురూ ఒక్కసారి చూసి రాస్తే బాగుండేది. అప్పడాలు కూడా ఇప్పుడు ప్యాకెట్లలో వస్తున్నాయి. ఆ కర్ర ఎవరింట్లో ఉందో నాకైతే తెలియదు.

మరి నీళ్ళ బొమ్మ ఎలా గీయాలంటే, నేనైతే మనుషుల్నే తీసేస్తా. మా వీధిలో ట్యాంకరు రాకముందే బిందెలు లైన్లో నిలబడి ఉంటాయి, మనుషులు నీడన కూర్చుంటారు. ఆ లైనునే గీస్తా. ముందర సొట్టలు పడ్డ స్టీలు బిందె, దాని వెనక కొత్త ప్లాస్టిక్ బిందె. స్టీలు బిందె వెనక్కి తిరిగి అంటుంది: "మా అమ్మ ఇత్తడిది. ఆమె నిలబడిందీ ఇక్కడే." ట్యాంకరు గీయను, ఎండిన చెరువు గీయను, సూర్యుణ్ణి అసలు గీయను. బిందెల కింద కురచ నీడలు వేస్తే మిట్టమధ్యాహ్నం అని అదే తెలుస్తుంది.

ఫ్లెక్సీల మీద కూడా ఇద్దరు పంపారు. ఈ సబ్జెక్టులో నా మాటకి కొంచెం కారం ఎక్కువుంటది, ఫ్లెక్సీ వచ్చే నా బ్రష్షుల్ని అటకెక్కించింది. ఇద్దరూ ఫ్లెక్సీ కూలి మనిషి కింద పడ్డట్టు గీసి "ఫ్లెక్సీలతో ప్రమాదం" అని రాశారు. అది వార్త. ట్రంకు రోడ్డులో నేను చూసిన ఫ్లెక్సీ వేరు. ఏడాది బాబు పుట్టినరోజు. పైన పెద్ద నాయకుడు, కింద చిన్న నాయకుడు, పక్కన అభిమాన హీరో, అడుగున వరసగా మేనమామలు, వాళ్ళ స్నేహితులు, నల్ల కళ్ళద్దాలు. బాబు మూలన తపాలా బిళ్ళంత ఉన్నాడు. దాన్ని ఉన్నదున్నట్టు గీసి, కింద నిలబడి తలెత్తి చూస్తున్న తల్లి చేత ఒక్క మాట అనిపించండి. ఆ మాట నేను చెప్పను, అభ్యాసంలో వస్తుంది.

మాటే లేకుండా బతికినవాడు ఒకడున్నాడు. కార్టూనిస్టు ఆర్.కె.లక్ష్మణ్ గీసిన కామన్ మ్యాన్. 1951 నుంచి దశాబ్దాల పాటు పత్రికలో రోజూ కనిపించాడు, పంచె, గళ్ళ కోటు, చెవుల మీద రెండు కుచ్చుల జుట్టు. చుట్టూ మంత్రులు వాగుతూనే ఉంటారు, ఆయన నోరు మెదపడు. ఒక నెల రోజులు మీ బొమ్మల్లో కూడా ఒక మూగమనిషిని పెట్టి చూడండి. మాటలు వాటంతటవే తగ్గుతాయి.

మనిషిని పోల్చుకోవడానికీ లేబుల్ అక్కర్లేదు, నీడ చాలు. మన నెల్లూరు వైపు నుంచే సినిమాలకి పోయిన రమణారెడ్డిని తలుచుకోండి. వెదురు కర్రకి చొక్కా తొడిగినట్టుంటాడు. పక్కన బొద్దుగా రేలంగి. ఇద్దరినీ నల్లటి నీడలుగా గీసినా పేరు రాయాల్సిన పనుండదు. మీ పాత్రలూ అంతే, ఒకరి నీడ ఇంకొకరి నీడలా ఉండకూడదు. చేతులు గీయడం రాలేదని ఏడుగురు రాశారు. జేబులో పెట్టేయండి. లుంగీకి జేబు లేదంటారా, వెనక్కి కట్టించండి. నేను ఇప్పటికీ అంతే చేస్తా.

ఉంచిన నాలుగు మాటలైనా సరిగ్గా రాయండి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. రెండింటికీ చోటు కావాలి. "స్త్రీ" రాసి చూడండి, పెట్టె పగిలిపోతుంది. అందుకే మాట ముందు రాసుకుని, దాని చుట్టూ పెట్టె గీసి, ఆ తర్వాతే బొమ్మ మొదలుపెట్టండి. పెన్సిల్‌తో లైన్లు కొట్టుకోమంటారు అందరూ, నాకు నచ్చదు, చేయి బిగుసుకుపోతుంది. బాపు చేతిరాత కంప్యూటర్ ఫాంటుగా కూడా వచ్చిందంటే ఊరికే కాదు, ఆయన అక్షరానికీ బొమ్మకీ గీత ఒకటే. మీ బొమ్మ వంకరగా ఉంటే అక్షరమూ వంకరగానే ఉండనివ్వండి, ఫోన్లో అచ్చక్షరాలు తెచ్చి అతికించకండి.

అభ్యాసం. కాస్త ఎక్కువే, మీరు చేసింది కూడా ఎక్కువే కాబట్టి.

సగం రొట్టె బొమ్మని అలాగే ఉంచి, రెండోవాడి జవాబు మాత్రం 20 రకాలుగా రాయండి. ఏదీ మూడు మాటలు దాటకూడదు. "సగం", "రొట్టె" వాడకూడదు. మొదటి పది తేలిగ్గా వస్తాయి, అవి అందరికీ వచ్చేవే, పారేయండి. పన్నెండు తర్వాత తల గోక్కుంటారు చూడండి, అక్కణ్ణుంచి నాకు పంపండి. తర్వాత ఫ్లెక్సీ కింద తల్లి మాట. ఒక గంట ఏదైనా బస్టాండులో టీ కొట్టు దగ్గర కూర్చుని చెవిన పడ్డవి రాసుకుంటే అక్కడే దొరకొచ్చు. లేబుల్, బాణం గుర్తు, ఆశ్చర్యార్థకం కనపడితే కవరు విప్పను.

మే 20 లోపు అందాలి. తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావు పుట్టినరోజు అది, మన కార్టూనిస్టుల రోజు.

బొమ్మ వెనక మీ పేరు, ఊరు రాయండి. పోయినసారి బిందెకీ ఎండకీ పేర్లు రాసి, తమ పేరు రాయడం మర్చిపోయినవాళ్ళు తొమ్మిది మంది.