ఇంట్లోనే క్లచ్ గాలి తీస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

క్లచ్ తొక్కితే మెత్తగా నేల దాకా దిగిపోతోంది, రెండు మూడు సార్లు గబగబా తొక్కితే గానీ గేరు పడట్లేదు, రివర్స్ వేస్తే గరగరమంటోంది. ఇలా ఉంటే క్లచ్ లైన్లో గాలి చేరిందేమో అని మన విజయవాడ ఆటోనగర్‌లో ఏ మెకానిక్ అయినా ముందు అంటాడు. గాలి తీయడం పెద్ద పనేం కాదు. ఒక రింగ్ పానా, సన్నటి ప్లాస్టిక్ ట్యూబు, ఒక సీసా, పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి ఉంటే గంటలో అయిపోతుంది, అందుకే చాలామంది ఆదివారం ఇంటి ముందే మొదలుపెడతారు. చేసుకోండి, వద్దనను. కానీ ఇందులో ప్రాణం మీదకి తెచ్చేవి కొన్ని ఉన్నాయి. ధ్యాసంతా క్లచ్ మీదే ఉంటుంది కాబట్టి అవి కంటికి ఆనవు.

అసలు మీ బండికి ఆయిల్ క్లచ్ ఉందో లేదో తెలుసుకోండి. మారుతి 800, పాత ఆల్టో లాంటి వాటికి కేబుల్ క్లచ్, అందులో తీయడానికి గాలే ఉండదు. ఇన్నోవా, బొలేరో లాంటి వాటికి ఆయిల్ క్లచ్. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర కింద సిలిండర్, మధ్యలో ఆయిల్ ఉండే పైపు. కొన్ని కొత్త బండ్లలో కింద సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది, అది లీకైతే గేర్‌బాక్స్ దించాల్సిందే, ఆ పని ఇంటి దగ్గర పెట్టుకోకండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే మాట. రెండేళ్ల కిందట మొగల్రాజపురం కొండ వైపు, కాస్త వాలుగా ఉన్న వీధిలో మా బావమరిది బండికి గాలి తీస్తున్నాం. హ్యాండ్ బ్రేక్ వదులుగా ఉంది, ఫస్ట్ గేర్‌లో పెట్టాం కదా కదలదులే అనుకున్నాం. మొదట్లో నిజంగానే కదల్లేదు, ఎందుకంటే గాలి ఉన్నంతసేపూ పెడల్ తొక్కినా క్లచ్ విడిపోదు, ఇంజిను బండిని పట్టుకునే ఉంటుంది. ఐదారు సార్లు గాలి పోయాక క్లచ్ సరిగ్గా పనిచేయడం మొదలైంది, అంటే తొక్కగానే ఇంజినుకీ చక్రాలకీ సంబంధం తెగిపోయింది, బండి జానెడు వెనక్కి జరిగింది. నా తల అప్పుడు బంపర్ కిందే ఉంది. వెనక టైరు కింద ఎవరో వదిలేసిన రాయి ఉండబట్టి ఆగింది. ఆ రోజు నుంచి ఈ పనికి గేరును నమ్ముకోవద్దని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్తున్నాను. మన పని సరిగ్గా జరిగేకొద్దీ గేరు పట్టు వదిలేస్తుంది. కాబట్టి గేరు న్యూట్రల్‌లో ఉంచండి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగండి, నేల మీద ఉండే చక్రాలకి ముందూ వెనకా గట్టి రాళ్లో చెక్క దిమ్మలో పెట్టండి. కొండవాలు వీధుల్లో ఉండేవాళ్లు బండిని మరో చోటికి, చదునుగా ఉన్న సిమెంటు నేల మీదకి తీసుకెళ్లి చేసుకుంటేనే మంచిది.

జాకీ సంగతి తెలిసిందే, అయినా చెప్తాను. ఒక్క జాకీ మీద నిలబడ్డ బండి కిందకి చెయ్యి కూడా పెట్టొద్దు, స్టాండ్లు పెట్టాకే దూరాలి. స్టాండ్ల బదులు సిమెంటు ఇటుకలు పేర్చేవాళ్లు ఉన్నారు, అవి బరువుకి ఒక్కసారిగా పగిలిపోతాయి. మన దగ్గర మే నెల ఎండకి తారు రోడ్డు మెత్తబడి జాకీ పాదం లోపలికి దిగుతుంది, గుంటూరు వైపు నల్లరేగడి నేల అయితే ఒక వాన పడితే చాలు. కింద మందపాటి చెక్క వేయండి. పొద్దున్నే, ఎండెక్కక ముందు, ఇంజిను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చేయండి, ఎందుకంటే ఈ ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడితే అంటుకునే ప్రమాదం ఉంది, చెమట చేతుల్లో పానా కూడా జారుతుంది.

తర్వాత ఆయిల్. చాలా బండ్లలో క్లచ్‌కి, బ్రేకుకి ఒకటే డబ్బా. క్లచ్ పైపుని డబ్బాలో కాస్త పైనుంచి తీస్తారు, క్లచ్ లీకైనా బ్రేకుకి ఆయిల్ మిగలాలని. అంటే మీరు క్లచ్ కోసం అందులో ఏది పోసినా అది బ్రేకులోకీ వెళ్తుంది. మా వీధిలో ఒకాయన బండికి ఎవరో పవర్ స్టీరింగ్ ఆయిల్ పోశారు, చూడ్డానికి ఆయిలే కదా అని. కొన్నాళ్లకి లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకులు పట్టేయడం మొదలైంది, చివరికి క్లచ్‌వీ బ్రేకువీ రబ్బర్లన్నీ మార్చాల్సి వచ్చింది. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, పెట్రోలు, డీజిలు, వీటిలో ఏ ఒక్క చుక్కా ఆ డబ్బాలోకి వెళ్లకూడదు, గరాటు కూడా వేరేది వాడాలి. ఇందులో పోసేది బ్రేక్ ఆయిల్, దాని రకం డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే కొనండి. డాట్ 5 అనేది సిలికాన్‌తో చేసింది, మిగతా వాటితో కలవదు, పేరు దగ్గరగా ఉందని తెచ్చేయకండి.

సీలు తీయని కొత్త సీసానే వాడండి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పొడిగా ఉన్న డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది, డాట్ 4కి అదే 230 నుంచి 155. కృష్ణ ఒడ్డున ఉండే మన ఉక్కపోత వాతావరణంలో పోయినేడు సగం వాడి షెల్ఫులో పెట్టిన సీసా పనికిరాదు. చినుకులు పడుతుంటే డబ్బా మూత తీయనే వద్దు, తీసే ముందు చుట్టూ దుమ్ము తుడవండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు నీళ్లలో మునిగిన బండ్లు కొన్న వాళ్లు ఎవరైనా ఉంటే, గాలి తీయడం ఒక్కటే సరిపోదు, క్లచ్‌లోదీ బ్రేకులోదీ పాత ఆయిల్ మొత్తం మార్పించండి.

ఈ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. పక్కన ఒక బకెట్ నీళ్లు పెట్టుకుని, బండి మీద చుక్క పడిన వెంటనే నీళ్లతో కడగండి, గుడ్డతో తుడిస్తే ఇంకా పాకుతుంది. కింద పడుకుని చేసే పని కాబట్టి కళ్లలో పడకుండా కాపాడే అద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే రుద్దకుండా పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పాత ఆయిల్‌ని సాధారణంగా నీళ్ల బాటిల్‌లోనే పడతాం, అది పిల్లల కంటపడితే కూల్‌డ్రింక్‌లా ఉంటుంది, తాగితే విషం. సీసా మీద పెద్ద అక్షరాలతో రాయండి, అందకుండా పెట్టండి, డ్రైనేజీలో పోయకండి.

పెడల్ తొక్కే మనిషితో మాటలు ముందే అనుకోండి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ సగం పనులు ఇక్కడే చెడతాయి. బండి కింద నుంచి మీరు "వదలకు" అంటే పైన ఉన్నవాళ్లకి "వదులు" అని వినిపిస్తుంది. అందుకే ఆ మాటే వాడకండి. "తొక్కు", "లేపు" అని రెండే మాటలు పెట్టుకోండి, విన్నవాళ్లు అదే మాట తిరిగి అనాలి. తొక్కమన్నప్పుడు మెల్లగా నేల దాకా తొక్కి పట్టుకోవాలి, గబగబా పంపు కొడితే ఆయిల్ నురగై గాలి ఇంకా చెదిరిపోతుంది. అప్పుడు మీరు నిపుల్‌ని, అంటే కింద సిలిండర్ మీద గాలి వదలడానికి ఉండే చిన్న మరని, పావు చుట్టు తిప్పండి, ఆయిలూ బుడగలూ వస్తాయి, నిపుల్ బిగించాకే "లేపు" అనాలి. బిగించకముందే పెడల్ పైకి వస్తే బయటి గాలిని లోపలికి లాగేస్తుంది. ట్యూబు ఒక కొస నిపుల్‌కి తొడిగి, రెండో కొస సీసాలో కొంచెం పోసిన ఆయిల్‌లో మునిగి ఉండాలి. మొదట్లో పెడల్ దానంతటది పైకి రాకపోవచ్చు, చేత్తో లేపాలి. ఐదారు తొక్కుళ్లకోసారి డబ్బాలో ఆయిల్ చూడండి, ఆయిల్ క్లచ్ పైపు మట్టానికి దిగిందంటే మళ్లీ గాలే వెళ్తుంది, మొదటికొస్తుంది. కింద సిలిండర్ బోల్టులు విప్పి వేలాడుతుంటే మాత్రం పెడల్ ముట్టుకోవద్దు, పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

నిపుల్ తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. బలవంతం చేస్తే విరుగుతుంది, తర్వాత సిలిండరే మార్చాలి. బిగించేటప్పుడు మణికట్టు బలం చాలు.

అయిపోయాక అందరూ క్లచ్ తొక్కి చూసుకుని సంతోషపడతారు. రెండిటికీ డబ్బా ఒకటే కావచ్చు కాబట్టి ముందు బ్రేకు తొక్కండి. ఇంజిన్ ఆన్ చేసి, గేరు వేయకుండా, బండి ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని తొక్కితే పెడల్ గట్టిగా ఆగాలి. మెత్తగా దిగుతుంటే బండి కదపకుండా మెకానిక్‌ని ఇంటికి పిలవండి, మెల్లగా ఆటోనగర్ దాకా పోదాంలే అని బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోకి వెళ్లకండి. బ్రేకు బాగుంటే రివర్స్ వేసి చూడండి, చప్పుడు లేకుండా పడాలి, తర్వాత మనిషి నడిచే వేగంతో వీధిలోనే రెండుసార్లు ఆపి చూడండి.

ఇంకోటి, సీలు ఉన్న లైన్లోకి గాలి ఊరికే రాదు, ఎక్కడో దారి ఉంటేనే వస్తుంది. అందుకే డబ్బా మీద ఆయిల్ మట్టం దగ్గర పెన్నుతో గీత గీయండి. వారం తర్వాత గీత కంటే తగ్గిందంటే డ్రైవర్ వైపు ఫుట్ మ్యాట్ ఎత్తి పెడల్ పైభాగం తడిగా ఉందేమో తడిమి చూడండి, తర్వాత కింద సిలిండర్ రబ్బరు తొడుగు చూడండి. ఎక్కడ తడి ఉంటే అక్కడి సిలిండర్ పోయినట్టు, దాన్ని మార్పించకుండా మళ్లీ గాలి తీస్తూ కూర్చోవద్దు.