మైక్రోవేవ్ పాఠాలు - 4: అంచు కాలుతుంది, నడుమ చల్లగానే ఉంటుంది

పోయిన పాఠంలో మూత పెట్టమన్నాను. అందరూ పెట్టారు, సంతోషం. కొందరైతే క్లిప్పులు కూడా బిగించేశారట! మూత ఎగిరి, సాంబారంతా లోపలి గోడలకు అంటుకుందని ఫిర్యాదులు. ఆవిరి బయటికి పోవాలి కదండీ. మూత ఊరికే పైన ఆనించండి, చాలు.

ఉడికిన గుడ్డుదీ అదే గొడవ. పెంకు తీసినా లోపల ఆవిరి చిక్కుకుంటుంది. ఓవెన్లో పేలకపోయినా, కొరికినప్పుడు నోట్లో పేలవచ్చు. గుడ్డు కూర అయితే నేను గుడ్లు తీసేసి పులుసు ఒక్కటే వేడిచేస్తాను, తర్వాత గుడ్లు అందులో వేస్తాను.

స్టీలు గిన్నెలు, జరీ అంచు కప్పులు లోపల పెట్టొద్దని మళ్లీ చెప్పను.

ఇక అసలు విషయం. "మైక్రోవేవ్ లోపలి నుంచి వేడిచేస్తుంది" అని ఎవరు పుట్టించారో గానీ, నాకు ఒళ్లు మండే మాట ఇది. ఆ తరంగాల శక్తి చాలామటుకు పైనుంచి అంగుళం లోతులోపే ఖర్చయిపోతుంది. అక్కడి నీటి అణువులు వేడెక్కితే, ఆ వేడి మెల్లగా నడుమకు పాకాలి. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్దపప్పు అంచున పొగలు కక్కుతుంది, మధ్యలో గడ్డలాగే ఉంటుంది. బీప్ వినగానే తినేస్తే ఆ చల్లటి చోట బాక్టీరియా అలాగే ఉంటుంది. మిగిలిన కూర అంతటా 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి.

అన్నమైనా పప్పయినా కుప్ప పోయకండి. గారెలా మధ్యలో చిల్లు పెట్టి చుట్టూ పరవండి. సగంలో ఆపి అడుగు నుంచి కలపండి. అయ్యాక రెండు నిమిషాలు మూతతో వదిలేయండి. పులిహోరకు, ఉప్మాకు, బిర్యానీకి కూడా ఇదే పద్ధతి. ఇడ్లీలను కలపలేం కాబట్టి నీళ్లు చిలకరించి, పళ్లెం అంచునే పేర్చండి, నడుమ ఖాళీ. రాత్రంతా బయట వదిలేసిన అన్నం మాత్రం పెట్టొద్దు. అందులో తయారైన విషం వేడికి పోదు.

నా అలవాటు: ఫుల్ పవర్ ముట్టుకోను. సగం పవర్ అంటే మామూలు మోడళ్లలో కాసేపు పనిచేసి, కాసేపు ఆగుతుంది. ఆ ఆగిన సమయంలోనే వేడి లోపలికి పాకుతుంది.

అభ్యాసం: పళ్లెం నిండా పచ్చి అప్పడాల ముక్కలు పరిచి, దగ్గరే నిలబడి 30 సెకన్లు నడపండి. ఏవి పొంగాయో, ఏవి పచ్చిగా ఉన్నాయో కాగితం మీద గీసుకోండి. పళ్లెం మార్చి, చోటు మార్చి మళ్లీ చేయండి. ఎక్కడ వేడి ఎక్కువో, ఎక్కడ తక్కువో చూపే మీ ఓవెన్ మ్యాపు సిద్ధమయ్యాకే అయిదో పాఠానికి రండి.