గీతలతో నా ఆందోళనను అదుపు చేసుకున్న విధం

రాత్రి పడుకోగానే గుండె వేగంగా కొట్టుకోవడం, జరగని కీడును ఊహించుకుంటూ తెల్లవారే దాకా మేలుకోవడం కొన్ని నెలల పాటు నన్ను వేధించాయి. బొమ్మలు గీస్తే మనసు కుదుటపడుతుందని విని తెల్లకాగితం ముందు కూర్చున్నాను గాని, ఏం గీయాలో తోచక కంగారు మరింత పెరిగింది.

ఖాళీ కాగితంపై తోచినట్లు రంగులు వేసినవారి కంటే, మండలం (మధ్య నుంచి వలయాలుగా అల్లిన గుండ్రని బొమ్మ), గళ్ళు వంటి క్రమమైన ఆకృతులను రంగులతో నింపినవారిలో ఆందోళన ఎక్కువగా తగ్గిందని 2005లో నాన్సీ కర్రీ, టిమ్ కాసర్ ప్రచురించిన పరిశోధన గురించి చదివాక నా పొరపాటు తెలిసింది.

అప్పటి నుంచి కాగితం మధ్యలో చుక్క పెట్టి, అక్కడి నుంచి వలయం వెనుక వలయంగా, గీతకూ గీతకూ తగలకుండా, మధ్య ఎడం సమానంగా ఉండేలా సుడిని గీస్తూ వెళుతున్నాను. చెరిపే ఆలోచనే రాకుండా పెన్సిలు మాని బాల్‌పెన్ను వాడుతున్నాను. ఇది చిన్న మార్పే అయినా నాకు చాలా మేలు చేసింది. ఊపిరి వదిలినంతసేపే పెన్ను కదిలిస్తాను, పీల్చేటప్పుడు ఆపుతాను. గీత వణికితే వణకనిస్తాను, ఎందుకంటే చెయ్యి నెమ్మదించిన కొద్దీ వలయాలు వాటంతటవే నునుపుగా వస్తాయి. సుడి విసుగనిపించిన రోజున గళ్ళు గీసి, ఒక్కోదాన్ని ఒక్కో దిశలో సన్నని గీతలతో నింపుతాను.

మొదటి వారంలో పెద్దగా తేడా కనబడలేదు. మూడో వారానికి, పది నిమిషాల్లో గుండె దడ తగ్గడం స్పష్టంగా గమనించాను. వైద్యుల సలహాను మాత్రం మానలేదు. ఆ కాగితాలను వారికీ చూపిస్తున్నాను.